మార్చి నెలాఖరు, దుకాణం లెక్క

(2025 ఫిబ్రవరిలో మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



సొసైటీ సభ అంటే చదువు గురించి మాట్లాడమంటారని అనుకున్నాను. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "టీచరమ్మా, ఈసారి లెక్కలు చెప్పండి. బడి లెక్కలు కాదు, దుకాణం లెక్కలు" అన్నారు. నేను ఆడిటరును కాను. హైస్కూల్లో లెక్కల పాఠం చెప్పే ఉపాధ్యాయినిని. అయితే ఈ హాల్లో ఉన్న చాలామంది పిల్లలు నా తరగతిలో చదివినవాళ్లే. వాళ్ల స్కాలర్‌షిప్పు ఫారాలు, విద్యారుణం కాగితాలు పట్టుకుని మీరు సాయంత్రం పూట మా ఇంటికి వస్తుంటారు. ఆ కాగితాల దగ్గరే నాకు మీ దుకాణాల లెక్కలతో పరిచయం.

అక్కడ నాకు తరచుగా కనిపించేది ఒకటే. అమ్మాయికి ఇంజనీరింగులోనో ఫార్మసీలోనో సీటు వస్తుంది. తండ్రికి బజారులో మంచి పేరున్న దుకాణం ఉంటుంది. బ్యాంకువాళ్లు రెండు మూడేళ్ల ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు అడుగుతారు. ఆయన దగ్గర ఒక్కటీ ఉండదు. ఉన్నా అందులో చూపిన ఆదాయం ఎంత తక్కువంటే, ఆ ఆదాయానికి అంత రుణం ఇవ్వలేమంటారు. ఆదాయం ఉంది, దానికి కాగితం లేదు. పన్ను పడుతుందేమోనని దాచిన లెక్క చివరికి పిల్ల చదువుకు అడ్డం పడుతుంది. నిజానికి అలాంటి ఇళ్లలో చాలావాటికి లెక్క సరిగా చూపించినా పన్ను పడేది కాదు. ఆ సంగతి కాసేపట్లో బోర్డు మీద లెక్క చేసినట్టు చేసి చూపిస్తాను.

మన ప్రభుత్వ లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుందని అందరికీ తెలుసు. ఈ ఏడు ఒక విశేషం ఉంది. నెలవంకను బట్టి రంజాన్ మార్చి మొదట్లో మొదలై, పండుగ సరిగ్గా మార్చి నెలాఖరుకు వస్తోంది. అంటే బట్టల కొట్టు, చెప్పుల దుకాణం, టైలరింగ్ షాపు, సేమియా, ఖర్జూరం అమ్మేవాళ్లు, అత్తర్లు, గాజులు అమ్మేవాళ్లు ఏడాది మొత్తంలో ఎక్కువ వ్యాపారం చేసే రోజులూ, ఏడాది లెక్క ముగించాల్సిన రోజులూ ఒకటే. చాంద్‌రాత్ నాడు తెల్లవారుజాము దాకా బేరం చేసి అలసిపోయిన మనిషిని మర్నాడు సరుకు లెక్కపెట్టమంటే ఎవరు పెడతారు? అందుకే ఈ మాటలు ఇప్పుడే, ఫిబ్రవరిలోనే చెప్పుకోవాలి.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఏడాది లెక్క ఆడిటరు పని కాదు, దుకాణదారు పని. ఆడిటరు మీరిచ్చిన అంకెల్ని ఫారంలో వేస్తారు. మీరు అంకెలు ఇవ్వకపోతే ఆయన అంచనా వేస్తారు. ఆ అంచనా మీ సంతకంతో ప్రభుత్వానికి వెళుతుంది. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

మొదట చేయాల్సిన పని, ఇంటి డబ్బునీ దుకాణం డబ్బునీ విడదీయడం. గల్లాపెట్టెలోంచి తీసి పాలవాడికి ఇస్తాం, స్కూలు ఫీజు కడతాం, చుట్టం వస్తే బిర్యానీ తెప్పిస్తాం. తప్పేమీ లేదు, అది మన డబ్బే. కానీ రాయాలి. దుకాణం నుంచి ఇంటికి తీసుకున్నది 'సొంత వాడకం' అని ఒక పేజీలో రాయండి. పండుగకు పిల్లలకు మన కొట్టులోంచే బట్టలు తీస్తాం. వాటిని కూడా కొన్న ధరకు అదే పేజీలో రాయాలి. రాయకపోతే సరుకు లెక్కలో ఆ బట్టలు కనబడవు, అమ్మకంలోనూ కనబడవు. ఎక్కడికి పోయాయో చెప్పలేం. జీఎస్టీ కట్టేవారైతే, సొంతానికి వాడుకున్న సరుకు మీద తీసుకున్న పన్ను క్రెడిట్ తిరిగి ఇవ్వాల్సి ఉంటుంది.

బ్యాంకు ఖాతా కూడా అంతే. ఫోన్‌పే, గూగుల్ పే స్టిక్కరు దుకాణం మీద ఉంటుంది, డబ్బు మాత్రం అబ్బాయి సేవింగ్స్ ఖాతాలోనో ఇంట్లో ఆడవాళ్ల ఖాతాలోనో పడుతుంటుంది. అలా చేస్తే ప్రభుత్వానికి తెలియదనుకోవద్దు. ఒక సేవింగ్స్ ఖాతాలో ఏడాదిలో 10 లక్షలు, కరెంటు ఖాతాలో 50 లక్షలు అంతకు మించి నగదు జమ అయితే బ్యాంకు దాన్ని ఇన్‌కమ్ టాక్స్ శాఖకు తెలియజేస్తుంది. మీ పాన్ మీద వచ్చిన ఇలాంటి సమాచారమంతా ఏఐఎస్ అనే పట్టికలో ఉంటుంది. ఇన్‌కమ్ టాక్స్ వెబ్‌సైటులోకి మీ పాన్‌తో వెళ్లి మీరే చూసుకోవచ్చు. రిటర్ను వేసేముందు దాన్ని ఒకసారి చదవండి. మీ పుస్తకానికీ ఆ పట్టికకూ తేడా ఉంటే కారణం మీకు ముందే తెలియాలి.

ఆ పట్టికలో మనవాళ్లను తికమక పెట్టే వరుస ఒకటి ఉంటుంది, బ్యాంకు వడ్డీ. "మేము వడ్డీ వాడుకోం టీచరమ్మా, తీసి బీదవాళ్లకు ఇచ్చేస్తాం, అది మా ఆదాయం ఎలా అవుతుంది?" అని అడుగుతారు. మీ ధర్మం ప్రకారం మీరు ఇచ్చేశారు, మంచిది. చట్టం లెక్కలో మాత్రం అది మీ ఖాతాలో పడిన ఆదాయమే. రిటర్నులో చూపించాలి. చూపించకపోతే పట్టికకూ రిటర్నుకూ తేడా వచ్చి, ఆ చిన్న మొత్తానికి నోటీసు వస్తుంది.

రెండో పని, సరుకు లెక్క. దీని విలువ తెలియాలంటే చిన్న లెక్క చేద్దాం. ఒక కొట్టులో ఏడాది మొదట్లో 6 లక్షల సరుకు ఉంది. ఏడాదిలో 40 లక్షల సరుకు కొన్నారు. మొత్తం 46 లక్షలు. మార్చి 31న లెక్కపెడితే 8 లక్షల సరుకు మిగిలింది. అంటే అమ్ముడుపోయిన సరుకు ఖరీదు 38 లక్షలు. అమ్మకాలు 46 లక్షలైతే మిగులు 8 లక్షలు. ఇందులోంచి అద్దె, కరెంటు, కుర్రాళ్ల జీతాలు, రవాణా పోగా వచ్చేది అసలు లాభం.

ఇప్పుడు మేడ మీద గదిలో ఉన్న 2 లక్షల సరుకును లెక్కపెట్టడం మరిచిపోయారనుకోండి. మిగులు 8 కాదు, 6 లక్షలే కనిపిస్తుంది. ఈ ఏడు లాభం తగ్గినట్టు ఉంటుంది. కానీ ఆ సరుకు వచ్చే ఏడు అమ్ముడవుతుంది, అప్పుడు దానికి కొనుగోలు ఖరీదే లేనట్టు మొత్తం లాభంగా కనిపిస్తుంది. ఒక్క గది మరిచిపోతే రెండేళ్ల లెక్క తప్పుతుంది. ఉజ్జాయింపుగా "ఓ ఎనిమిది లక్షలు వేసుకోండి" అని ఆడిటరుకు చెప్పేవాళ్లు ఈ లెక్క ఇంటికెళ్లి ఒకసారి చేసుకోండి.

పండుగ హడావుడిలో సరుకు ఎలా లెక్కపెట్టాలి? నాకు తోచిన పద్ధతి చెబుతాను. దుకాణంలో సరుకు రెండు రకాలు. రోజూ కదిలేది, కదలనిది. మేడ మీద, గోడౌనులో, వెనక అరల్లో ఉండేది కదలని సరుకు. దాన్ని మార్చి రెండో వారంలోపే లెక్కపెట్టి, జాబితా రాసి, ఆ అరకే అతికించండి. తరవాత అందులోంచి ఏదైనా తీస్తే ఆ జాబితా మీదే తేదీ వేసి తగ్గించండి. ముందు వరుసలో ఉండే కదిలే సరుకును మాత్రం పండుగ అయ్యాక, మళ్లీ షట్టరు ఎత్తి బేరం మొదలుపెట్టకముందే లెక్కపెట్టండి. చాంద్‌రాత్ తరవాత ఆ అరలు సగం ఖాళీగా ఉంటాయి, పని తేలిక. మధ్యలో ఒక రోజు వ్యాపారం జరిగి ఉంటే, ఆ రోజు అమ్మిన సరుకును కొన్న ధరకు కలిపి, ఆ రోజు వచ్చిన సరుకును తీసేస్తే మార్చి 31 నాటి లెక్క వస్తుంది.

ధర వేసేటప్పుడు అమ్మే ధర వేయకూడదు. కొన్న ధర వేయాలి. పాతబడి, రంగు వెలిసి, కొన్న ధరకు కూడా పోని సరుకైతే ఇప్పుడు నిజంగా ఎంతకు పోతుందో ఆ ధర వేయాలి. జాబితా కింద తేదీ వేసి సంతకం పెట్టండి. లెక్కపెట్టిన కుర్రాడితో కూడా పెట్టించండి.

మూడో పని, బాకీలు. మనకు రావాల్సినవి ఒక పేజీ, మనం ఇవ్వాల్సినవి ఒక పేజీ. పేరు, మొత్తం, ఎప్పటిది. అంతే. పట్నంబజారులో హోల్‌సేల్ వ్యాపారికి మీరు ఎంత ఇవ్వాలో ఆయన పుస్తకంలో ఒక అంకె ఉంటుంది, మీ పుస్తకంలో ఒక అంకె ఉంటుంది. మార్చిలోనే ఆయనకు ఫోన్ చేసి రెండూ సరిచూసుకోండి. తేడా చిన్నదిగా ఉన్నప్పుడే తేలుతుంది, మూడేళ్లు గడిస్తే తగాదా అవుతుంది. ఇక రావని తేలిపోయిన బాకీలు ఉంటాయి. పూర్తి పుస్తకాలు రాసేవారు వాటిని నష్టంగా చూపించాలంటే ఈ ఏడాది పుస్తకంలోనే కొట్టివేసి ఉండాలి. మనసులో వదిలేసుకున్నంత మాత్రాన లెక్కలో పోదు.

ఈ బాకీల పేజీ పన్ను కోసమే అనుకోకండి. మా పేటలో ఒక పెద్దమనిషి ఉండేవారు. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించు గాక. మాట తప్పని వ్యాపారి. లెక్కంతా నోటిమీదే. ఎవరు ఎంత ఇవ్వాలో, తాను ఎవరికి ఎంత ఇవ్వాలో కళ్లు మూసుకుని చెప్పేవారు. ఒక రాత్రి గుండెపోటుతో పోయారు. నెల తిరగకుండానే ఆయన ఇవ్వాలన్నవాళ్లు చీటీలు పట్టుకుని ఇంటికి వచ్చారు. ఆయనకు ఇవ్వాల్సినవాళ్లలో ఒకరిద్దరే వచ్చారు. ఆ చీటీల్లో ఏది నిజమో, ఏది తీరిపోయిందో ఆ ఇల్లాలికి తెలియదు. పోయినవారి ఆస్తిలో ముందు బాకీలు తీర్చి, ఆ తరవాతే వారసులు పంచుకోవాలని మన షరియత్ చెబుతుంది. బాకీ ఎంతో తెలియనప్పుడు ఏం తీర్చాలి, ఏం పంచాలి? ఆమె తన గాజులు అమ్మి, అడిగినవాళ్లందరికీ ఇచ్చారు. "ఆయన మీద ఒక్క రూపాయి భారం ఉండకూడదు" అన్నారు. దుకాణం నిలబడలేదు.

ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పును రాసిపెట్టుకోవడం గురించి, సాక్షుల గురించి. ఆలిమ్‌లు ఇక్కడ కూర్చుని ఉండగా నేను దాన్ని వివరించబోను. ఇంత వివరంగా చెప్పిన విషయాన్ని మనం ఇంత తేలికగా తీసుకోకూడదని మాత్రం అంటాను. అక్కచెల్లెళ్లకు నా మనవి. పుస్తకం ఎక్కడ ఉంటుందో, అందులో బాకీల పేజీ ఏదో, బ్యాంకు ఖాతాలు ఎన్నో మీకు తెలిసి ఉండాలి. అడగడం అపనమ్మకం కాదు.

నాలుగో పని, నగదు విషయంలో చట్టం గీసిన గీతలు. మూడు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, ఒకే రోజు ఒకే మనిషికి వ్యాపారం ఖర్చు కింద 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే, పూర్తి పుస్తకాల ప్రకారం లెక్క చూపేవారికి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. సరుకు కొన్నది నిజమే అయినా సరే. రెండు, ఒకే మనిషి నుంచి ఒకే రోజు 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోకూడదు. మూడు, 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పును నగదుగా తీసుకోకూడదు, నగదుగా తిరిగి ఇవ్వకూడదు. ఉల్లంఘిస్తే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా వేయవచ్చు.

ఈ మూడోది మనవాళ్లకు ముఖ్యం. మనలో వడ్డీ లేకుండా ఖర్జె హసనా ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. పండుగ సరుకు కోసం బావమరిది 50,000 చేతికిస్తాడు, పండుగ అయ్యాక తిరిగి ఇచ్చేస్తాం. వడ్డీ లేదు కదా, ఇది అప్పు కాదనుకుంటాం. చట్టం వడ్డీ ఉందా లేదా అని చూడదు. ఇచ్చే మనసు అలాగే ఉంచండి, దారి మాత్రం బ్యాంకుది చేయండి. అకౌంటు నుంచి అకౌంటుకు పంపితే ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ సాక్ష్యం ఉంటుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు వస్తాను. పన్ను ఎంత పడుతుంది? చిన్న వ్యాపారుల కోసం ఇన్‌కమ్ టాక్స్ చట్టంలో 44ఏడీ అనే సెక్షను ఉంది. ఏడాది అమ్మకాలు 2 కోట్ల లోపు ఉంటే, నగదుగా వచ్చినది మొత్తం వసూళ్లలో 5 శాతం మించకపోతే 3 కోట్ల లోపు ఉన్నా, ఇది వర్తిస్తుంది. పూర్తి పుస్తకాలు, ఆడిట్ అవసరం లేకుండా అమ్మకాల మీద ఒక శాతాన్ని లాభంగా చూపించవచ్చు. నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా, ఫోన్ ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం. కమీషన్ వ్యాపారానికి, ఏజెన్సీలకు ఇది వర్తించదు.

ఒక దుకాణంలో ఏడాది అమ్మకాలు 48 లక్షలు అనుకుందాం. ఫోన్ ద్వారా, బ్యాంకు ద్వారా వచ్చింది 30 లక్షలు, నగదు 18 లక్షలు. 30 లక్షల మీద 6 శాతం 1,80,000. 18 లక్షల మీద 8 శాతం 1,44,000. మొత్తం 3,24,000. ఇదీ చూపించాల్సిన కనీస ఆదాయం. కొత్త పన్ను విధానంలో ఈ ఏడాది, అంటే 2024-25కు, 7 లక్షల ఆదాయం దాకా రిబేటు వల్ల పన్ను సున్నా. ఆ దుకాణదారు కట్టాల్సింది ఏమీ లేదు. రిటర్ను మాత్రం వేయాలి, ఎందుకంటే ఆదాయం 3 లక్షలు దాటింది. ఆ రిటర్నే రేపు బ్యాంకులో అమ్మాయి చదువుకు పనికొచ్చే కాగితం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. 6, 8 శాతాలు కనీస గీతలు. మీకు నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి. పిల్లలకు పాస్ మార్కులు 35 అని చెబితే, 80 వచ్చినవాడి కార్డు మీద 35 వేయం కదా. రెండో జాగ్రత్త, ఈ పద్ధతిలోకి వచ్చి మధ్యలో బయటికి వెళితే తరవాత అయిదేళ్లు మళ్లీ ఇందులోకి రానివ్వరు. కాబట్టి ఏ దారి అన్నది ఆడిటరుతో మాట్లాడి తేల్చుకోండి. ఈ సెక్షను కింద ఉన్నవారికి ఏడాది పన్ను 10,000 గానీ అంతకు మించి గానీ వచ్చేట్టుంటే మార్చి 15లోగా అడ్వాన్స్ టాక్స్ కట్టేయాలి. ఆ రోజు రంజాన్ నడుమ వస్తుంది, ఉపవాసాల్లో తేదీ దాటిపోనివ్వకండి.

ఈ నెల మొదటి తేదీన బడ్జెట్ వచ్చాక చాలామంది "ఇక 12 లక్షల దాకా టాక్స్ లేదట కదా" అంటున్నారు. మూడు మాటలు స్పష్టంగా చెప్పుకుందాం. అది వచ్చే ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే ఏడాదికి ప్రకటించినది, ఇప్పుడు ముగిస్తున్న ఏడాదికి కాదు. అది 12 లక్షల ఆదాయం, 12 లక్షల అమ్మకాలు కాదు. పన్ను లేకపోయినా రిటర్ను వేసే బాధ్యత ఉంటుంది. ఏడాది అమ్మకాలు 60 లక్షలు దాటితే ఆదాయం ఎంత తక్కువైనా రిటర్ను వేయాల్సిందే. రిటర్నును గడువులోగా వేయాలి. ఆలస్యమైతే 5,000 రూపాయల దాకా రుసుము, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000.

జీఎస్టీ గురించి క్లుప్తంగా. సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషను కావాలి. తెలంగాణలో అది 20 లక్షలే. హైదరాబాదులోనో ఖమ్మంలోనో కొట్టు పెట్టిన మన పిల్లలకు ఈ తేడా చెప్పండి. కుట్టుకూలి, రిపేరు లాంటి సేవలకు రెండు చోట్లా 20 లక్షలే. మార్చిలోనే ఈ ఏడు టర్నోవరు ఎంతైందో కూడి చూసుకోండి. ఒకే పాన్ మీద రెండు దుకాణాలుంటే రెండూ కలిపి చూడాలి.

రిజిస్ట్రేషను ఉన్నవారు మూడు పనులు చేయాలి. కొనుగోలు బిల్లుల్ని పోర్టల్లోని 2బి పట్టికతో సరిచూడండి. మీకు అమ్మినవారు ఆ బిల్లును అప్‌లోడ్ చేయకపోతే మీకు క్రెడిట్ రాదు. అది ఇప్పుడే తెలిస్తే ఫోన్ చేసి వేయించుకోవచ్చు. రెండోది, ఏప్రిల్ 1 నుంచి కొత్త బిల్లు నంబర్ల వరుస మొదలుపెట్టండి. మూడోది, కాంపోజిషన్ పథకం. ఏడాది టర్నోవరు కోటిన్నర లోపు ఉన్న వ్యాపారి 1 శాతం, హోటలు నడిపేవారు 5 శాతం కట్టి తేలికపాటి రిటర్నులతో సరిపెట్టుకోవచ్చు. అయితే కొనుగోళ్ల మీద క్రెడిట్ రాదు, కొనేవారి దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. వచ్చే ఏడాదికి ఈ పథకం కావాలంటే మార్చి 31లోగానే పోర్టల్లో కోరుకోవాలి.

చివరగా, ఈ సభలో ఉన్న దాతలకు నేరుగా సంబంధించిన విషయం. చందాలు, జకాత్, సదఖా దుకాణం ఖర్చు కాదు. చాలామంది "ధర్మం ఖాతా" అని దుకాణం ఖర్చుల్లో రాస్తారు. అది 'సొంత వాడకం' పేజీలోకి వెళ్లాలి. దానాలకు 80జి కింద మినహాయింపు ఉంది గానీ దానికి షరతులున్నాయి. ఇచ్చిన సంస్థకు ఆ అనుమతి ఉండాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు లేదు. సంస్థ ఇచ్చే 10బిఈ సర్టిఫికెట్టు ఉండాలి, అందులో మీ పాన్ ఉండాలి. మీరు పాత పన్ను విధానంలో ఉండాలి, కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు. బీదవారి చేతికి నేరుగా ఇచ్చినదానికి అసలే లేదు. మినహాయింపు వచ్చినా రాకపోయినా మనం ఇస్తాం, అది వేరే మాట. కానీ లేని మినహాయింపును రిటర్నులో రాయించుకోవద్దు. తీసిపెట్టిస్తామని చెప్పేవాళ్లు బజారులో ఉంటారు. నోటీసు వచ్చిన రోజున వాళ్లు కనిపించరు.

ఇంకో మేలు కూడా ఉంది. మనలో చాలామంది రంజాన్‌లోనే జకాత్ లెక్క వేసుకుంటారు. దుకాణంలో ఉన్న సరుకు, చేతిలో, బ్యాంకులో ఉన్న నగదు, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన బాకీలు. పన్ను లెక్కకూ జకాత్ లెక్కకూ కావలసిన పేజీలు ఇవే. అయితే రెండూ ఒకటి కావు. పన్ను లాభం మీద, ఇంగ్లీషు నెలల ఏడాదికి. జకాత్ మన చేతిలో ఉన్న సంపద మీద, హిజ్రీ ఏడాదికి, రెండున్నర శాతం. సరుకుకు ఏ ధర వేయాలి, రాని బాకీని ఎలా చూడాలి అన్న విషయంలో జకాత్ నియమాలు వేరు. వాటిని మీ ఇమామ్‌గారిని అడగండి. నేను చెప్పేదల్లా ఒక్కసారి కూర్చుని సరుకు, బాకీలు సరిగ్గా రాస్తే ఇద్దరికీ, ప్రభుత్వానికీ బీదవారికీ, ఇవ్వాల్సింది ఎంతో తెలుస్తుంది. ఉజ్జాయింపుగా వేసిన జకాత్‌లో తక్కువ పడితే, ఆ తగ్గిన భాగం ఎవరిదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇదంతా విని "ఇంత పని ఎవరు చేస్తారు?" అనుకోవద్దు. ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. మొదటి భాగం రోజువారీ జమాఖర్చు, తరవాత సొంత వాడకం, రావాల్సినవి, ఇవ్వాల్సినవి, చివర్లో సరుకు జాబితా. బిల్లులకు నెలకొక కవరు, పన్నెండు కవర్లు. రాత్రి దుకాణం మూసేముందు పది నిమిషాలు. తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టుకుని రాయించండి. వాళ్లకు లాభనష్టాల అధ్యాయం నేను బడిలో చెబుతాను. దాని అర్థం మీ దుకాణంలో తెలుస్తుంది. తండ్రి రూపాయి ఎలా సంపాదిస్తున్నాడో తెలిసిన పిల్లలు దాన్ని ఖర్చుపెట్టే తీరు వేరుగా ఉంటుంది.

రంజాన్ మొదలయ్యేదాకా ప్రతి ఆదివారం జుహర్ తరవాత మన సొసైటీ ఆఫీసులో నేను ఉంటాను. పుస్తకం తెచ్చుకుంటే పేజీలు ఎలా విడదీయాలో చూపిస్తాను. మీ ఆదాయం ఎంతో నేను అడగను, మీరు చెప్పనక్కర్లేదు. రిటర్ను మాత్రం అర్హత ఉన్న ఆడిటరు దగ్గరే వేయించుకోండి.

 అల్లాహ్ మన హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించు గాక. ఎవరి బాకీ మన మీద మిగలకుండా చూసుకునే బుద్ధి ప్రసాదించు గాక. ఆమీన్.